వాగవతలి నవ్వు

అనగనగా ఒక అడవిలో, వాగుకు ఇవతల ఒక ఎలుగుబంటి, అవతల ఒక దుప్పి కాపురం ఉండేవి. ఎలుగుబంటి పేరు బొర్రయ్య. దుప్పి పేరు సూరమ్మ. ఎండాకాలం రాగానే ఇద్దరిదీ ఒకటే పని. తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు ఏరించడం, కళ్ళంలో ఎండబెట్టించడం, గాదెలో దాచడం. వానలు పట్టుకుంటే అడవిలో తిండి దొరకదు. అప్పుడు ఆ ఎండుపువ్వే ప్రాణం.

పువ్వు ఏరేది ఉడుతలు. ఇద్దరి దగ్గరా ఉడుతలే. పొద్దుగూకాక ఇద్దరూ ఇచ్చేది దోసెడు పువ్వు కూలే. బొర్రయ్య వైపు చెట్లు ఎక్కువ, ఉడుతలూ ఎక్కువే. అయినా సాయంత్రానికి సూరమ్మ కుప్ప కొండలా లేచేది. బొర్రయ్య కుప్ప చీమలపుట్టంత ఉండేది.

అది చూసి బొర్రయ్యకు కడుపు రగిలిపోయింది. తిన్నది ఒంటబట్టలేదు. పడుకుంటే కన్ను మూతపడలేదు.

"నా ఉడుతలకు నాలుగు కాళ్ళు. దాని ఉడుతలకూ నాలుగే. ఆ దుప్పి వాటికి ఏదో మందు పెడుతోంది. అదేమిటో కనిపెట్టి తీరాలి" అనుకున్నాడు.

మర్నాడు తన కళ్ళం వదిలేసి, వాగు ఒడ్డున పొదలో దూరి కూర్చున్నాడు. పొద్దెక్కే వేళకు సూరమ్మ అంబలి కుండ తెచ్చింది. "రండర్రా, ఖాళీ కడుపుతో ఎంతసేపు వంగుతారు?" అంది. ఉడుతలు చుట్టూ చేరి కడుపునిండా తాగాయి.

"ఓహో! మందు అంబలిలో ఉందన్నమాట!"

బొర్రయ్య పరుగున వెళ్ళి తనూ అంబలి కాయించాడు. గరిటెడు పిండి, కుండెడు నీళ్ళు. "నిలబడి తాగండి. గుటకకూ గుటకకూ మధ్య ఒక పువ్వు ఏరాలి" అన్నాడు.

ఒక ముసలి ఉడుత కుండలోకి తొంగి చూసింది. "దొరా, ఇందులో నా మొహం బాగా కనపడుతోంది."

"చూసుకున్నది చాల్లే. నడువు పనిలోకి!"

కుప్ప పెరగలేదు. బొర్రయ్య మళ్ళీ పొదలో దూరాడు. మిట్టమధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. అవతలి ఉడుతలు ఆకుల పందిరి కింద కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. ఒక పక్కన సూరమ్మ ఒక ఉడుత అరికాల్లో ముల్లు లాగుతోంది.

"కదలకే రత్తీ! చీము పట్టేదాకా చెప్పకపోతే ఎలాగే? రేపు పనిలోకి రాకు. కూలి ఎక్కడికీ పోదులే."

బొర్రయ్య కంటికి ముల్లు ఆనలేదు. పందిరే ఆనింది. అంతకు రెండింతల పందిరి వేయించాడు, వాగవతలికి బాగా కనపడేటట్టు. అలిసిపోయిన ఉడుతలు ఆశగా దాని కిందకు నడిచాయి.

"ఆగండాగండి! మీరక్కడ చేరితే పువ్వెవరు ఏరతారు? అది చూడ్డానికి వేయించాను, కూర్చోడానికి కాదు."

ఈసారి కుప్ప పెరగలేదు సరికదా, తగ్గింది. బొర్రయ్య పళ్ళు నూరుకుంటూ మళ్ళీ పొదలోకి పోయాడు. అవతల పకపకా నవ్వులు. ఒక ఉడుత, నెత్తిమీద రెండు ఆకులు చెవుల్లా పెట్టుకుని సూరమ్మలా నడిచి చూపిస్తోంది. అందరికన్నా గట్టిగా నవ్వుతున్నది సూరమ్మే.

బొర్రయ్య ఎగిరి గంతేశాడు. "దొరికింది! మందు నవ్వులో ఉంది!"

వెంటనే ఉడుతలన్నిటినీ పిలిచాడు. "రేపటి నుంచి అందరూ నవ్వాలి."

"దేనికి దొరా?" అంది ముసలి ఉడుత.

"దేనికేమిటి? వాగవతలికి వినపడాలి. నేను చాలనేదాకా ఒక్కరూ ఆపకూడదు."

"అలాగే దొరా. నా మనవరాలికి ఒళ్ళు కాలిపోతోంది. రేపొక్క పూట..."

"ముందు నవ్వు! జ్వరం సంగతి తరవాత."

తెల్లవారింది. ఆ ఏటి పువ్వంతా కళ్ళంలో పరిచి ఉంది. ఆ ఒక్క రోజు ఎండితే గాదెకు చేరుతుంది. ఉడుతలు "హి హి హి" అంటూ మొదలుపెట్టాయి. ఆ నవ్వు ఎండుటాకులు తొక్కినట్టు ఉంది. బొర్రయ్య మాత్రం మురిసిపోయాడు. 'ఇప్పుడు సూరమ్మ మొహం మాడిపోతుంది, చూడాల్సిందే' అనుకుని పొదకు పరుగెత్తాడు.

అతను సూరమ్మ మొహాన్నే చూస్తున్నాడు. వెనక నల్లటి మబ్బు లేచింది. చూడలేదు. గాలి తిరిగింది. పట్టించుకోలేదు.

అవతల ఎవరో "మబ్బర్రోయ్!" అని అరిచారు. సూరమ్మ నోరు విప్పనేలేదు. ఉడుతలన్నీ ఒక్క ఉరుకున కళ్ళంలోకి దూకాయి. కాలు నొప్పని ఇంట్లో ఉన్న రత్తి కూడా కుంటుతూ వచ్చింది. తట్టలతో ఎత్తి కొంత, తోకలతో ఊడ్చి కొంత, పువ్వంతా గాదెకెక్కించాయి.

'అబ్బా, ఎలా పరుగెడుతున్నాయో!' అని బొర్రయ్య కుళ్ళుకున్నాడు. అంతలో చినుకు వచ్చి ముక్కు మీద పడింది. అప్పుడు గుర్తొచ్చింది తనకూ ఒక కళ్ళం ఉందని.

రొప్పుతూ వచ్చేసరికి పువ్వంతా నీళ్ళలో తేలుతోంది. ఉడుతలు వానలో బారుగా నిలబడి ఉన్నాయి.

"మబ్బు కనపడలేదా మీకు?"

"కనపడింది దొరా. హి హి హి."

"మరి పువ్వు ఎత్తరేం?"

"మీరు ఎత్తమనలేదుగా, నవ్వమన్నారు. హి హి హి."

"చాలు!" అని గావుకేక పెట్టాడు. నవ్వు ఆగింది. ఉడుతలు ఒకదాని వెనక ఒకటి కొమ్మ మీదుగా వాగు దాటిపోయాయి.

వాన వెలిశాక బొర్రయ్య సూరమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. వానాకాలమంతా ఏం తినాలో తెలియని దిగులు అతనిది. కోపం మాత్రం తగ్గలేదు.

"నా ఉడుతల్ని నాకు పంపించు సూరమ్మా. నీ మందేదో వాటితోపాటు ఇవ్వు."

"మందేమిటి బొర్రన్నా! నీ ఒళ్ళు బాగుంటే నువ్వు పని చెయ్యవూ? వాటికీ అంతే. నేను వాటిని రమ్మనలేదు, పొమ్మననూ లేను. అవిగో, చెట్టు మీదున్నాయి. నువ్వే పిలుచుకో."

బొర్రయ్య చెట్టు వైపు తిరిగాడు. ముందు ఆ ముసలి ఉడుతను పిలుద్దామని నోరు తెరిచాడు. దాని పేరేమిటి? చిన్నప్పటి నుంచి అతని పువ్వే ఏరింది. పోనీ పక్కదాని పేరు? ఆ పక్కదానిది?

ఉడుతలు కొమ్మ మీద నుంచి చూస్తున్నాయి. బొర్రయ్య నోరు అలాగే తెరుచుకుని ఉంది. ఒక్కదాని పేరూ అతనికి తెలియదు.

నీతి: పనివాళ్ళ మంచిచెడ్డలు చూసే యజమానికి, చెప్పకుండానే పని జరుగుతుంది. పక్కవాడిని చూసి ఏడ్చే యజమానికి, ఉన్న పనివాళ్ళూ మిగలరు.