నాలుగు ముఖాల చార్టు

తొంభై ఏడు. గట్టుమీదిపాలెం ప్రాథమిక పాఠశాలలో ఉన్న నలుగురు ఉపాధ్యాయుల సర్వీసు కలిపితే వచ్చే మొత్తం అది. హెడ్మాస్టరు తాతారావు గారిది ముప్ఫై ఒక్క ఏళ్ళు, లెక్కల వీరభద్రం మాస్టారిది ఇరవై ఏడు, తెలుగు చెప్పే అచ్యుతాంబ టీచరుది ఇరవై రెండు, సైన్సు సాంబమూర్తిది పదిహేడు. ఈ నలుగురూ టీ తాగడానికి ఒక బల్ల చుట్టూ కూర్చున్నారంటే, ఆ బల్ల మీద తొంభై ఏడేళ్ళ తెలివి పోగుపడినట్టేనని వాళ్ళ గట్టి నమ్మకం. ఊళ్ళో ఎవరు ఏం చెప్పినా, అది మాకు తెలుసునని ముందే తల ఊపేవారు. ఏం తెలుసో మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

ఇంత తెలివి చాలలేదని పైవాళ్ళకి ఎందుకు అనిపించిందో గానీ, నలుగురినీ మూడు రోజుల శిక్షణకి మండలానికి రమ్మన్నారు. పిల్లల మనసు తెలుసుకుని పాఠం చెప్పడం ఎలా అన్నది శిక్షణ. హిమబిందు మేడం అని పట్నం నుంచి వచ్చిన ఆవిడ ఓపిగ్గా, బాగానే చెప్పింది. పిల్లలు మనుషులనీ, భయపడ్డ పిల్ల బుర్రలోకి ఎక్కం ఎక్కదనీ చెప్పింది. మనవాళ్ళు అర్థం చేసుకునే పని పెట్టుకోలేదు. ఆవిడ నోట్లోంచి వచ్చిన ప్రతి మాటనీ సాంబమూర్తి నోటుపుస్తకంలోకి ఎక్కించాడు. మొత్తం నలభై రెండు పేజీలు. మూడో రోజు సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు తాతారావు గారు లేచి, పుస్తకంలో ఉన్నదానికి ఒక్క అక్షరం ఎక్కువా తక్కువా చెయ్యబోమని మాట ఇచ్చారు. మేడం మొహమాటంగా నవ్వింది. ఆ నవ్వు కూడా రాసుకోవాలా అని సాంబమూర్తి పక్కవాణ్ణి అడిగాడు.

బుధవారం నుంచి అమలు.

మొదటి పేజీలో ఏముందంటే, బడిలోకి వచ్చే ప్రతి ఒక్కరినీ గేటు దగ్గరే పేరుపెట్టి పలకరించి, మనసెలా ఉందో అడిగి, జవాబు వచ్చాకే లోపలికి పంపాలి. అందుకోసం మేడం ఒక చార్టు కూడా ఇచ్చింది. దాని మీద నాలుగు ముఖాలు: సంతోషం, దుఃఖం, కోపం, భయం. పిల్లలు ఏదో ఒకదాని మీద వేలు పెట్టాలి. అంతే. గేటుకి చార్టు కట్టేశారు, నలుగురూ నిలబడిపోయారు.

పిల్లలు ఎనభై ఆరుగురు. మనిషికి రెండు నిమిషాలు. తొమ్మిదింటికి మొదలైన పలకరింపు పదకొండూ యాభై రెండుకి అయింది. పన్నెండుంపావుకి అన్నం గంట. అంటే పొద్దుటి చదువు ఇరవై మూడు నిమిషాలు. పోనీ మధ్యాహ్నం చదువుతారా అంటే, అన్నం తిన్న పిల్లలు కంచాలు కడగడానికి వీధి కుళాయి దగ్గరికి వెళ్ళారు. కుళాయి గేటు బయట ఉంది. ఇంకేముంది, మళ్ళీ ఎనభై ఆరు పలకరింపులు. ఒంటిగంటకి మొదలెడితే మూడూ యాభై రెండు. నాలుగింటికి ఇంటిగంట. రోజు మొత్తానికి చదువు ముప్ఫై ఒక్క నిమిషాలు.

మధ్యలో ఒకటో తరగతి కుర్రాడొకడు, తనకి ఆకలిగా ఉందన్నాడు. చార్టులో ఆకలి ముఖం లేదు. లేని ముఖానికి ప్రవేశం ఎలా ఇస్తామని నలుగురూ తర్జనభర్జన పడ్డారు. ఈలోగా వాడు ఏడుపు లంకించుకున్నాడు. హమ్మయ్య, దుఃఖం అని రాసుకుని లోపలికి పంపారు.

ఆ బుధవారం మధ్యాహ్నమే వరస చివర పైడమ్మ నిలబడింది. ఆవిడది జీడిపిక్కలు కొట్టే పని. కూతురు నీలవేణి ఇక్కడ ఐదో తరగతి. గురుకులం పరీక్షకి దరఖాస్తు పెట్టాలి. కాగితం మీద హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర పడితే చాలు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా మండలాఫీసులో ఇవ్వకపోతే ఆ పిల్ల చదువు ఐదుతో సరి, ఆ తర్వాత తల్లి పక్కన పీట వేసుకుని పిక్కలు కొట్టడమే.

ఏ ముఖమమ్మా అని అడిగారు తాతారావు గారు.

"నాకే ముకమూ వద్దు బాబూ, సంతకం సాలు," అంది పైడమ్మ.

చార్టు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెతికారు. సంతకం లేదు. ఇంతలో నాలుగింటి గంట కొట్టారు, గేటు వేసేశారు.

గురువారం పైడమ్మ పని మానుకుని ఏడింటికే వచ్చి మొదట నిలబడింది. ఈసారి ఆలోచించకుండా కోపం ముఖం మీద వేలు పొడిచింది. సాంబమూర్తి గబగబా పుస్తకం తిప్పాడు. పదకొండో పేజీ: కోపంగా ఉన్నవాళ్ళతో మాట్లాడే ముందు పది లెక్కపెట్టాలి. తాతారావు గారు లెక్కపెట్టారు. పది అయ్యాక ఆవిడ ముఖం చూస్తే కోపం తగ్గలేదు సరికదా పెరిగింది. మళ్ళీ పది. ఇంకా పెరిగింది. పదికి ఇంత పెరిగితే వందకి ఎంత పెరుగుతుందో వీరభద్రం మాస్టారు వేళ్ళ మీద తేల్చే ప్రయత్నంలో పడ్డాడు గానీ, లెక్క ఆపితే సరిపోతుందని ఆయనకి తట్టలేదు. వరసలో ఉన్న పిల్లలు కూడా గొంతు కలిపారు. నాలుగు వందల దాకా వెళ్ళింది. ఆ వారంలో ఆ బడిలో ఒకటో తరగతికి వచ్చిన చదువు అదొక్కటే.

నాలుగు వందల పదికి పైడమ్మ కూలబడి ఏడ్చేసింది. పదహారో పేజీ: ఏడుస్తున్నవాళ్ళని ఆపమనకూడదు, వాళ్ళ పక్కనే, వాళ్ళంత కిందుగా కూర్చోవాలి. అంతే, నలుగురూ దుమ్ములో చతికిలబడ్డారు. తాతారావు గారు తెల్ల పంచెతోనే కూర్చున్నారు. వాళ్ళని చూసి పిల్లలు కూర్చున్నారు. వంట చేసే అప్పలనర్సమ్మ సంగతేమిటో చూద్దామని బయటికి వచ్చింది, పొయ్యి మీద అన్నం మాడింది. పైడమ్మ కళ్ళు తుడుచుకుని, ఇక ఏడవను, సంతకం పెట్టండి అంది. సరే అని లేవబోతుంటే అచ్యుతాంబ టీచరు నీలవేణిని చూపించింది. తల్లిని చూసి పిల్ల కళ్ళు నీళ్ళు పెట్టుకుంది. మళ్ళీ కూర్చున్నారు.

శుక్రవారం. ఆఖరి రోజు. ఇది పిల్ల భవిష్యత్తు, తేల్చేద్దాం అన్నారు తాతారావు గారు, ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు గొంతులోకి తెచ్చుకుని. పెన్ను మూత కూడా తీశారు. అప్పుడు సాంబమూర్తికి ఇరవయ్యో పేజీ కనబడింది: ఏ విషయమైనా రెండు పక్షాల మాటా సమానంగా వినాలి, అప్పుడే తేల్చాలి.

పెట్టమనే పక్షాన పైడమ్మ ఉంది. వద్దనే పక్షాన ఎవరూ లేరు. లేకపోతే ఎలా? సాంబమూర్తినే వద్దనే పక్షంగా నిలబెట్టారు.

"సంతకం పెట్టండి బాబూ," అంది పైడమ్మ. నాలుగు సెకన్లు పట్టింది.

"సంతకం పెట్టొద్దు బాబూ," అన్నాడు సాంబమూర్తి. సరిగ్గా నాలుగు సెకన్లు.

అటొకటి, ఇటొకటి, కొట్టేస్తే సున్నా అని వీరభద్రం మాస్టారు తేల్చాడు. పెన్ను మూత మళ్ళీ పడింది. ఎందుకు వద్దంటున్నావయ్యా అని అప్పలనర్సమ్మ గరిటె పట్టుకుని అడిగితే, నాకేం తెలుసు, నన్ను అటు నిలబెట్టారన్నాడు సాంబమూర్తి.

ఇదంతా నీలవేణి చూసింది. పదేళ్ళ పిల్లే గానీ, మూడు రోజులుగా గేటు దగ్గర నిలబడి, ఏ ముఖం చూపిస్తే ఆ పేజీలో ఉన్నదే చేస్తారని కనిపెట్టింది. మధ్యాహ్నం కంచం కడుక్కుని వరసలో నలభయ్యో దానిగా నిలబడింది. తన వంతు వచ్చేసరికి రెండూ పద్దెనిమిది. ఏ ముఖమని అడగకముందే భయం మీద వేలు పెట్టింది.

ఇప్పటిదాకా ఎవరూ భయపడలేదు. సాంబమూర్తి వెతికి వెతికి ముప్ఫై మూడో పేజీ తీసి పైకి చదివాడు. భయపడ్డ పిల్లని ఏం కావాలో అడిగి అది వెంటనే చెయ్యాలి. మనమంతా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, భయం పోయేదాకా వదలకూడదు.

"ఏం కావాలే తల్లీ?"

"సంతకం కావాలి సార్. ముద్ర కూడా."

ఇంకేముంది, తాతారావు గారు ఎడమచేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని కుడిచేత్తో సంతకం గీకేశారు. సాంబమూర్తి ముద్ర కొట్టాడు. మూడు రోజుల పని, అర నిమిషం.

భయం పోయిందా అని అడిగారు. పోలేదంది నీలవేణి, మండలాఫీసులో కాగితం ఇస్తే పోతుందంది. సరే, బయల్దేరారు. పిల్లకి చేతులు రెండు, మాస్టార్లు నలుగురు. మిగిలిన ఇద్దరినీ ఏం చెయ్యాలన్నది వీరభద్రం మాస్టారికి కూడా తెగలేదు. చివరికి అటొకరు ఇటొకరు పక్కవాళ్ళ చేతులు పట్టుకున్నారు. అయిదుగురి వరస రోడ్డుకి అడ్డంగా నడిచింది. వెనక పైడమ్మ. దారిలో ఆటో ఆగింది గానీ చెయ్యి వదలకుండా ఎక్కడం వాళ్ళకి చేతకాలేదు. ఆరు కిలోమీటర్లు. వెనక బస్సు ఒకటి హారను కొట్టీ కొట్టీ అలిసిపోయింది.

నాలుగూ నలభై ఒకటికి కాగితం అందింది. రసీదు చేతికి రాగానే, భయం పోయింది సార్ అని నీలవేణి చేతులు విడిపించుకుంది. తల్లీ కూతుళ్ళు వెనక్కి చూడకుండా బస్సెక్కేశారు.

ఇక్కడ గేటు బయట నలభై ఆరుగురు పిల్లలు పలకరించే దిక్కులేక ఎప్పుడో ఇళ్ళకి పోయారు. అందరి ముఖమూ ఒకటే, చార్టులో మొదటిది. లోపలున్న ముప్ఫై తొమ్మిది మందిని నాలుగింటికి అప్పలనర్సమ్మ గంట కొట్టి పంపేసి తనూ వెళ్ళిపోయింది.

అయిదున్నరకి నలుగురూ ఆటోలో తిరిగొచ్చారు. సంచులు, టిఫిను డబ్బాలు లోపలే ఉన్నాయి. గేటు బార్లా తెరిచి ఉంది. అయినా ఆగిపోయారు. లోపలికి వచ్చేవాళ్ళని లోపలివాళ్ళు పలకరించాలి. శిక్షణ లేని అప్పలనర్సమ్మ రోజూ పొద్దున్నే నేరుగా లోపలికి పోయి, తర్వాత వీళ్ళని పలకరించేది. ఇప్పుడు లోపల ఎవరూ లేరు. నలుగురూ బయట ఉన్నారు.

చాలాసేపు ఆలోచించి, నియమం గేటుకే గానీ గోడకి లేదని వీరభద్రం మాస్టారు కనిపెట్టాడు. తొంభై ఏడేళ్ళ అనుభవం ఊరికే పోదని తాతారావు గారు మెచ్చుకున్నారు. వీరభద్రం మాస్టారు గోడెక్కాడు. ఒక కాలు అటు వేసి, ఒక కాలు ఇటు ఉండగా కిందికి చూశాడు.

మనసెలా ఉంది మాస్టారూ అని తాతారావు గారు పద్ధతి ప్రకారం అడిగారు.

"భయంగా ఉందండీ."

సాంబమూర్తి ముప్ఫై మూడో పేజీ తీశాడు. తాతారావు గారు వీరభద్రం మాస్టారి చెయ్యి ఒకటి గట్టిగా పట్టుకున్నారు. దిగనివ్వండి అని ఆయన, భయం పోనివ్వండి అని ఈయన. అటువైపు చెయ్యి ఖాళీగా వేలాడుతోందని, మనమంతా పట్టుకోవాలని పుస్తకంలో ఉందని సాంబమూర్తి గుర్తుచేశాడు. దాన్ని అందుకోవాలంటే గోడ ఎక్కడం తప్ప దారి లేదు.

అచ్యుతాంబ టీచరు కొంగు నడుముకి బిగించి, గోడ మీద ఒక కాలు పెట్టింది. ఆవిడ మనసెలా ఉందో ఇంకా ఎవరూ అడగలేదు.