ఏడో మేకు

అనగనగా ఒక రాజు. ఏడు సముద్రాల అవతల, పొద్దు అందరికంటే ముందు పొడిచే దీవి ఆయనది. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి పక్క దీవి రాకుమారితో పెళ్లి కుదిరింది. ముహూర్తం ఎనిమిది రోజులుందనగా, నడిరాత్రి పెద్దవాడు "గుండెల్లో మేకు దిగుతోంది!" అని కేకపెట్టాడు. మర్నాడు రాత్రీ అంతే. ఆ మర్నాడూ అంతే. మంత్రవైద్యుడు శంఖపాలుడు మందు నూరాడు, తాయెత్తు కట్టాడు, పెదవి విరిచాడు.

చిన్నవాడు అరుణాంశుడికి అనుమానం వచ్చింది. రోగానికి ఇంత వేళ పట్టింపేమిటి? కొండమీద గుళ్లో దేవదారు చెట్టుంది. చెట్టుమీద గుడ్లగూబ ఉంది. రాత్రంతా మేలుకునేది అదే కదా అని దాన్నే అడిగాడు.

"ఎవరో తెల్లబట్టలు కట్టుకుని వస్తున్నారు నాయనా. మూడుకాళ్ల ఇనప కుదురు తిరగేసి తలమీద పెట్టుకుని, కాలికో కొవ్వొత్తి వెలిగించి, గడ్డిబొమ్మని నా చెట్టుకి పెట్టి రాత్రికో మేకు కొడుతున్నారు. ఏడో మేకుతో మీ అన్న సరి."

"బొమ్మని పీకేస్తే?"

"దాంతోపాటే ప్రాణమూ ఊడొస్తుంది."

"ఇంతకీ ఎవరది?"

"ఆ వెలుగులో నాకు కళ్లు కనపడి చస్తేగా! మనిషి కంటపడితే మేకులన్నీ కొట్టినవాడికే తగులుతాయి. అందుకే చూసినవాణ్ణి తెల్లారేలోగా చంపేస్తారు. చంపితే ఎవరూ చూడనట్టే."

ఒక్కడే వెళ్తే చావు. తోడు తీసుకెళ్దామంటే, ఆ తోడే దొంగైతే?

నాలుగో రాత్రి సవతితల్లి వెనకాల నడిచాడు. ఉపవాసమని చెప్పిన పిన్నమ్మ వంటింట్లో చీకట్లో బూరెలు తింటోంది. అప్పుడే పైన అన్న కేక. ఆమె కాదు.

ఐదో రాత్రి నడిపి అన్న స్తంభం చాటున దొరికాడు.

"ఇక్కడేం చేస్తున్నావురా అన్నా?"

"నిన్ను కనిపెడుతున్నా. నాకు నీమీదే అనుమానం!"

పైన కేక. అతనూ కాదు.

ఆరో రాత్రి శంఖపాలుడి గది తలుపు తోశాడు. జపంలో ఉంటాను, రావద్దన్న మనిషి లోపల లేడు. పైన కేక.

ఏడో రాత్రి దేవదారు ముందు మూడు దీపాలు వెలిగాయి. సుత్తి లేచింది.

"చూశాను వైద్యుడుగారూ!" అంటూ అరుణాంశుడు బయటికొచ్చాడు.

శంఖపాలుడు సుత్తి వాడిమీదికి తిప్పాడు. "ఆ పిల్లని నేనడిగితే వాళ్ల నాన్న నవ్వాడు. మీ అన్నకి కట్టబెడతాడా? చూసింది నువ్వొక్కడివే, చావు!"

"నేనూ చూశా," అన్నాడు ఎడమపక్క పొదలోంచి నడిపివాడు.

"నేనూ చూశానురా దొంగసచ్చినోడా! నాతో వంటవాళ్లు నలభైమంది చూశారు!" అంది కుడిపక్కనించి పిన్నమ్మ.

శంఖపాలుడు ఇటు చూశాడు, అటు చూశాడు. ముందెవర్ని చంపాలో తేల్చుకునేలోగా రాత్రంతా గడిచి కోడి కూసింది. కొట్టిన ఆరు మేకులూ వరసగా అతని గుండెల్లోనే దిగాయి.

ఎనిమిదో రోజు పెద్దవాడి పెళ్లి. అదే పందిట్లో రాకుమారి చెల్లెలితో అరుణాంశుడి పెళ్లి. పెద్దవాడు రాజై యాభై ఏళ్లు చల్లగా ఏలాడు. అరుణాంశుడు మంత్రై ఒకే ఒక్క శాసనం చేశాడు: ఆ దీవిలో ఏ వైద్యుడు మందిచ్చినా ముందు తాను తాగి చూపించాలి. ఇప్పటికీ అక్కడ అంతే.