ముందు వరస మడచెట్లు

గోదారి సముద్రంలో కలిసే చోట, మడ అడవి వెనకాల ఓ గేదెల మంద ఉండేది. మడ ఆకు మేసి, బురదలో పొర్లి, ఉన్నంతలో హాయిగానే బతికేవి. వాటికి ఒక్కటే కట్టుబాటు. సముద్రం వైపున్న ముందు వరస చెట్లకి మూతి తగిలించకూడదు. ఎందుకని ఏ దూడా అడగలేదు, ఏ గేదే చెప్పలేదు. అసలు తప్పంతా అక్కడే ఉంది.

ఆ ఏడు వానల్లేక ఉప్పునీరు లోపలికి ఎక్కింది. గడ్డి మాడిపోయింది. మంద మేసి మేసి వెనక చెట్లు మోడులయ్యాయి. కాటుక అనే గేదె అప్పుడే ఈనింది, పొదుగులో చూస్తే చుక్క పాలు లేవు. దూడ డొక్కలు లోపలికి పోయాయి.

నక్క ఇది కనిపెట్టి పరామర్శకి వచ్చింది.

"ఏం కాటుకక్కా, బిడ్డ అలా నీరసించిపోతే ఎలాగ? ముందు వరసలో ఆకు నిగనిగలాడతంది కదా."

"కట్టుబాటు ఉంది తమ్ముడూ."

"కట్టుబాటు పాలిత్తాదా? ఆ చెట్లు లేకపోతే సంద్రం మీదకొత్తాదనే కదా ఆ కట్టుబాటు. మీరు మేసెయ్యండి, ఆ చోట నేను దగ్గరుండి మట్టిగట్టు వేయిత్తాను. చెట్ల సందుల్లోంచి నీళ్లొత్తాయి. గట్టుకి సందులేవి?"

నక్కకి గేదెల మీద ఉన్నట్టుండి ప్రేమేం పుట్టలేదు. ఆ చెట్ల వేళ్ల మధ్య పీతలు దాక్కుంటాయి, దాని మూతి అక్కడ పట్టదు. అంతే సంగతి.

బొరియలోంచి ముసలి పీత తల బయటపెట్టింది.

"దాని మాట వినకు అమ్మాయ్. ఆ వేళ్లు అల ఊపంతా లాగేత్తాయి. గట్టు ఎదురెళ్లి కూలిపోద్ది. రాలిన మడకాయలు ఏరి వెనక బురదలో గుచ్చండి. మూడు వానాకాలాలకి మేతకొత్తాయి."

"అందాకా నా బిడ్డ ఆగుద్దా తాతా?"

పీత మెల్లగా లోపలికి పోయింది.

కాటుక మేసింది. ఏడుస్తూనే మేసింది. అది మేసిందని మందంతా మేసింది. పది రోజుల్లో ముందు వరసలో మొండాలు మిగిలాయి. పాలు పడ్డాయి, దూడ గంతులేసింది. నక్క చెప్పినట్టే గేదెల చేత ఆ వేళ్లు విరగదొక్కించి, మట్టిగట్టు వేయించింది. చెప్పని పని కూడా చేసింది, పీతల్ని ఒక్కొక్కటిగా తోడుకుని తినేసింది. ముసలి పీత మొదటి రోజునే పోయింది.

కార్తీకంలో ఓ మిట్టమధ్యాహ్నం ఉప్పెన లేచింది. మొదటి అలకే గట్టు కరిగిపోయింది. రెండో అల మంద మీద పడింది. కాటుక దూడని మెడ కింద అదిమి పట్టుకుంది. ఎంతని పట్టుకుంటుంది పాపం, నీళ్లు దూడని లాక్కుపోయాయి.

నీళ్లు తీశాక నక్క కుంటుకుంటూ వచ్చింది. దాని బొరియ పూడిపోయింది, తిందామంటే ఒక్క పీత మిగల్లేదు.

"అక్కా, ఎత్తు చాలక అలా అయింది. ఇంకో గట్టేద్దాం, ఈసారి నీ కొమ్ములంత ఎత్తున. మిగిలిన మందని పిలు."

కాటుక బోసిపోయిన తీరం వైపు చూస్తూ అంది: "వేసుకో తమ్ముడూ. గట్టుకి ఇవతల కాపాడుకోడానికి నాకింకెవరూ లేరు."

నీతి: ఆకలేసిందని కావలి చెట్టును మేస్తే, ఎవరి కోసం మేశామో వాళ్లే మిగలరు.