వెయ్యి నోటులోని అక్షరం

వరదాచార్యులుగారు జనగామలో తమ ఇంటి అరుగు మీద పాఠం చెప్పేవారు. ఎవరైనా సందేహం అడిగితే వెంటనే బదులు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ముందు వక్కపలుకు ఒకటి నోట్లో వేసుకొని, తరువాత ఎవరి సంగతో ఎత్తుకొనేవారు. నిజాం కాలపు హాలీ సిక్కా పూర్తిగా రద్దయిన మరుసటి ఏడు సోమనర్సయ్య అనే శిష్యుడు ఇలా అడిగాడు: "పన్నెండేళ్లు కష్టపడి ఉర్దూ దస్తావేజు రాత నేర్చుకున్నాను. ఇప్పుడు కచేరీలో దాన్ని అడిగేవాడు లేడు. హాలీ నోటు లాగే చెల్లకుండా పోయిన ఈ చదువును ఏం చేసుకోమంటారు?"

ఆచార్యులుగారు వక్క నమిలి, యాదవ్వ సంగతి చెప్పారు.

నిజాం రాజ్యానికి సొంత నాణేలు, సొంత నోట్లు ఉన్న రోజులవి. ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అనేవారు, ఇక్కడి రూపాయిని హాలీ అనేవారు. హాలీ నోటు మీద ఉర్దూ కొట్టొచ్చినట్టు కనిపించేది. దాని విలువను తెలుగులో కూడా చిన్నగా అచ్చువేసేవారు. యాదవ్వ గొంగళ్లు అమ్ముకొనే మనిషి. భర్త పోయిన ఏడు మరిది ఆమె చేత ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకొని మందలో సగం గొర్రెలను తోలుకుపోయాడు. అప్పటినుంచి ఎవరికీ వేలు ఇవ్వనని ఆమె పట్టుబట్టింది. చాలా ఏళ్లకు రెండెకరాల మెట్ట చెలక బేరమాడుకుంది. రిజిస్ట్రీకి రెండు నెలలు గడువుంది; ఆలోగా పేరు రాయడం నేర్చుకోవాలనుకుంది.

ఒక వారపు అంగడినాడు ఆమె ఐదు రూపాయల నోటు పట్టుకొని ఆచార్యులుగారి దగ్గరికి వచ్చి, "అయ్యా, దీంట్ల మన తెలుగేది?" అని అడిగింది. ఆయన వేలు పెట్టి "ఐదు రూపాయలు" అని చదివి చూపించారు. వచ్చి చదువుకొమ్మంటే, "గొర్లనెవలు కాస్తరు?" అని నవ్వి వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి 'రూపాయలు'లోని 'య'కు 'పా' దీర్ఘం తగిలించి 'యా' కూర్చుకుంది, 'దు'కు కొమ్ము తీసేసి 'ద' చేసుకుంది. 'వ్వ' మాత్రం దొరకలేదు. అది వెయ్యి నోటులో దొరుకుతుందని, 'వెయ్యి' అన్న మాటలో దానికి కావలసిన 'వ' ఉందని, అక్కడ 'య'కు వత్తు ఉన్నట్టే 'వ' కింద 'వ' పెట్టుకోవాలని ఆచార్యులుగారే చెప్పారు.

ఊళ్లో వెయ్యి నోటు ఉండేది బట్టల వ్యాపారి నాగభూషణం శెట్టి పెట్టెలోనే. యాదవ్వ నాలుగు అంగళ్లు ఆయన కొట్టు ముందు కూర్చుంది. ఐదో అంగడికి శెట్టి విసిగి, నోటును రెండు చేతులా గట్టిగా పట్టుకొని, "నోటు నా చేతులనే ఉంటది. నీకేం గావాల్నో కండ్లతోని తీస్కో" అన్నాడు. ఆమె అలాగే తీసుకొంది. దుమ్ములో వేలితో పదిసార్లు దిద్దుకొని మరీ లేచింది.

రిజిస్ట్రీ నాడు మరిది సాయానికని వచ్చి సిరా డబ్బీ ముందుకు జరిపాడు. "ఏలెయ్యి వదినా, పొద్దు పోతుంది" అన్నాడు. యాదవ్వ డబ్బీని వెనక్కి నెట్టి కలం అడిగింది. నాలుక పళ్ల మధ్య పెట్టుకొని, చెమటలు కక్కుతూ పేరు రాసింది. 'యా', 'ద' చిన్నవిగా పడ్డాయి, 'వ్వ' వాటికి రెండింతలైంది. మరిది సిరా డబ్బీకి మూత పెట్టేశాడు. గుమాస్తా ఆశ్చర్యపోయి, "ఎవలు నేర్పిన్రు?" అని అడిగాడు.

"సర్కారే నేర్పింది దొరా. నోట్ల మీద అచ్చేసి ఊరూరికీ పంపింది గద!"

కచేరీ అంతా గొల్లున నవ్వింది. యాదవ్వ అందరికన్నా గట్టిగా నవ్వింది.

ఇది చెప్పి ఆచార్యులుగారు ఆగిపోయారు. సోమనర్సయ్య, "మరి హాలీ రద్దయినప్పుడు ఆమె బాధపడలేదా?" అని అడిగాడు.

"ఎందుకు పడదు? దగ్గరున్న నాలుగు నోట్లు మార్చుకోవడానికి ఎండలో నిలబడి, సర్కారును నోటికొచ్చినట్టు తిట్టింది" అన్నారు ఆచార్యులుగారు. "ఆ సంతకం పెట్టి కొన్న చెలకలో ఈ ఏడు పెసర వేసిందట. బాగా కాసిందని విన్నాను."