పైడితల్లి పీకిన ప్లగ్గు

మా పాలసంఘం పనంతా ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తుంది. పాత కంప్యూటర్ పాడైతే, అధ్యక్షుడు గవరయ్యగారు బీరువాంత సర్వర్‌ను పరీక్షకు తెప్పించారు. నేను చదువుకునే రోజుల్లో కంప్యూటరంటే గదంత ఉండేది, అది వేరే సంగతి. దీన్ని కొంటే మాత్రం పాలు చల్లబరిచే ట్యాంకుకు దాచిన సొమ్మంతా ఖాళీ.

“ఇది ఆగమన్నా ఆగదు!” అన్నారాయన.

పాలు కొలిచే పైడితల్లి దాని ప్లగ్గు పీకేసింది. పాల లెక్క చీటీలు ఆగిపోయాయి. పాలు పోసేవాళ్లు గగ్గోలు పెట్టారు.

“మతి పోయిందా నీకు?” అని అరిచారు గవరయ్యగారు.

“ఎలుక తీగ కొరికిందనుకోండి బాబూ.”

ఆమె అరువు తెచ్చి జంటగా కలిపి ఉంచిన రెండు చిన్న కంప్యూటర్లను నడిపించి, ఒకదాని ప్లగ్గు పీకింది. రెండోది చీటీలిస్తూనే ఉంది.

“సాఫ్ట్‌వేర్ ఉచితమే కదా బాబూ, రెండింట్లో వేసుకుంటే కాదనేదెవరు?”

గవరయ్యగారు కాసేపు మీసం దువ్వుకున్నారు.

“సరే, ట్యాంకు వాళ్లకి కబురు పెట్టు,” అన్నారు.