పళ్ళ డాక్టరుకు దారి

వీరవేణి చెప్పిన దారిలో వెళ్ళిన నావికుడు పళ్ళ డాక్టరు దగ్గరికి చేరలేదు.

ఆమె ఉద్యోగం కాకినాడ రేవులో, లాంచీలు ఆగే చోట. సముద్రంలో లంగరు వేసిన ఓడల నుంచి నావికులు మధ్యాహ్నం ఒంటిగంటకు లాంచీ మీద ఒడ్డుకు వస్తారు. నాలుగింటికి అదే లాంచీలో తిరిగి వెళతారు. ఆ మూడు గంటల్లో ఒకరికి మందుల షాపు కావాలి, ఒకరికి చర్చి కావాలి, ఒకరికి సబ్బులు కావాలి. వాళ్ళ ఫోన్లు ఇక్కడ పనిచెయ్యవు. ఏది ఎక్కడుందో ఇంగ్లీషులో చెప్పడానికి ఓడల ఏజెంటు ఒకడు గేటు పక్కన కౌంటరు తెరిచి వీరవేణిని కూర్చోబెట్టాడు. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తానన్నాడు.

ఆ రోజు వచ్చింది ఫిలిప్పీన్సు మనిషి. దవడ పట్టుకుని వచ్చాడు. ఆమె దారి చెప్పింది. మూడు గంటల తర్వాత దవడ పట్టుకునే తిరిగి వచ్చాడు. ఊళ్ళో ఒకాయన అతన్ని స్కూటరెక్కించుకుని కంటి ఆసుపత్రి ముందు దించాడట. ఇంకొకాయన మజ్జిగ ఇప్పించాడట. ఓడ తర్వాతి రేవు చేరడానికి పంతొమ్మిది రోజులు పడుతుంది.

ఓడ కెప్టెను ఏజెంటుకు ఉత్తరం రాశాడు. మేనేజరు ధర్మారావు దాన్ని వీరవేణి ముందు పెట్టి, శనివారం ఇంకో ఓడ వస్తోందనీ, ఆ రోజు తాను కౌంటరు వెనకే కూర్చుంటాననీ చెప్పాడు. మళ్ళీ ఇలాగే అయితే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. కోపంగా అనలేదు.

అంతకుముందు నాలుగేళ్ళు ఆమె రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తుంచింది. ఐసు నీళ్ళలో నాని ఆమె వేలిగోళ్ళ చుట్టూ చర్మం ఇప్పటికీ తెల్లగానే ఉంది. ఆ ఫ్యాక్టరీ తలుపులు ఆమెకు ఇంకా తెరిచే ఉన్నాయి. ఆమె భయం అదే.

శనివారం దాకా ఓడలు లేవు. మంగళవారం ఆమె జగన్నాథపురంలో ఉండే ఆశీర్వాదం మాస్టారి ఇంటికి వెళ్ళింది. ముప్పై ఆరేళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. షిఫ్టు దిగి వచ్చి అరుగు మీద కూర్చునే వీరవేణికి రెండేళ్ళు ఇంగ్లీషు నేర్పింది ఆయనే.

ఆమె జరిగింది చెప్పి, ఆ రోజు నావికుడికి చెప్పిన దారి మొత్తం కాగితం మీద రాసి ఇచ్చింది.

"ఎక్కడ తప్పుందో మీరే చూడండి మాస్టారండీ. ఆపోజిట్టూ, బిట్వీనూ, నెక్స్ట్ టూ అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. అతగాడికే ఇంగ్లీషు సరిగ్గా రాదేమోనని నా అనుమానం."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. రేవు గేటు నుంచి తిన్నగా వెళ్ళాలి. వంతెన దాటాలి. పెద్ద గుడి దగ్గర ఎడమవైపు తిరగాలి. పాత టాకీసు సెంటరులో, బట్టల కొట్టుకు ఎదురుగా, పళ్ళ డాక్టరు. అక్కడికి వెళ్ళి ఎవరినడిగినా చెబుతారు.

"ఒక్క తప్పు లేదు," అన్నారు. గొడుగు తీసుకుని చెప్పులు వేసుకున్నారు.

ఆటోలో రేవు గేటు దాకా వెళ్ళారు. గేటు ముందు దిగి మాస్టారు కాగితం చేతిలో పట్టుకున్నారు.

"ఇక్కడి నుంచి నాకు తెలుగు రాదు. ఈ ఊరు ఎప్పుడూ చూడలేదు. నువ్వు వెనకాల రా. ఎవరితోనూ మాట్లాడకు."

అప్పుడు సమయం ఒంటిగంట దాటి పది నిమిషాలు.

వంతెన దాకా ఇబ్బంది లేదు. కాగితంలోని పెద్ద గుడి వంతెన దాటాక మొదట వచ్చేదే; జాతర రోజున ఊరంతా అక్కడే ఉంటుంది కాని, చూడ్డానికి చిన్నది. మాస్టారు దాన్ని దాటుకుని నడిచారు. వీరవేణి నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. అర కిలోమీటరు అవతల ఎత్తయిన గోపురం కనిపించింది. మాస్టారు అక్కడ ఎడమవైపు తిరిగారు. ఇనుప సామాను కొట్ల వెంట నడిచి నడిచి, ఆ సందు ఒక గోడ దగ్గర ఆగిపోతే ఆయనా ఆగారు. కాగితం చూసుకుని వెనక్కి వచ్చారు. ఆయనకు డెబ్బై ఒకటో ఏడు. కుడి మోకాలు వంగదు.

రెండో ప్రయత్నంలో చిన్న గుడి దగ్గర తిరిగి పాత టాకీసు సెంటరుకు చేరారు. టాకీసు పడగొట్టి పన్నెండేళ్ళయింది. ఆ జాగాలో ఫర్నిచరు షోరూము ఉంది. బట్టల కొట్లు అయిదున్నాయి. మాస్టారు అన్నింటినీ చూశారు. తర్వాత కాగితంలో చివరి వాక్యం ప్రకారం, కొబ్బరి బొండాలు కొడుతున్న మనిషిని ఇంగ్లీషులో అడిగారు. అతను కత్తితో వెనక్కి చూపించి ఏదో చెప్పి, ఇంకో బొండం అందుకున్నాడు.

జిరాక్సు షాపు నుంచి ఒకాయన పరుగున వచ్చాడు. మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. ఎండలో ఇలా నిలబడ్డారేంటండీ అని అడిగాడు. మాస్టారు డెంటిస్టు ఎక్కడని ఇంగ్లీషులోనే అడిగారు. అతను బిత్తరపోయి వీరవేణి వైపు తిరిగాడు.

"ఏమ్మా, మాస్టారికి ఎప్పట్నించి ఇలా? తెలుగు పోయిందా?"

ఆమె తల దించుకుంది.

"ఈవిడకీ పోయినట్టుంది," అన్నాడు పక్కనున్న టైలరు.

ఆ తర్వాత అందరూ చెప్పారు. డాక్టరు భోజనానికి వెళ్ళుంటాడని ఒకరు, పన్నే అయితే పెద్దాసుపత్రికి పొమ్మని ఒకరు, ఇలా వెళ్ళి అలా తిరిగితే అదేనని ఇద్దరు. ఒకావిడ కుర్చీ తెచ్చి వేసింది. ఎవరో సోడా కొట్టి చేతిలో పెట్టారు. వేళ్ళు నాలుగు దిక్కులా చూపిస్తున్నాయి. మాస్టారు మధ్యలో నిలబడి ఆ వేళ్ళను ఒక్కొక్కటీ చూస్తున్నారు. ఆ ముఖం వీరవేణి ఎరిగిన ముఖంలా లేదు. గేటు దగ్గరికి దవడ పట్టుకుని తిరిగి వచ్చిన ముఖంలా ఉంది.

మాస్టారు అందరికీ దండం పెట్టి, షట్టరు దించి ఉన్న ఒక కొట్టు మెట్టు మీద కూర్చున్నారు. ఆమె ఎదురుగా నిలబడింది. మూడయింది. మూడున్నర అయింది. ఆమె రెండుసార్లు దగ్గరికి వెళ్ళి ఇక లేవమని సైగ చేసింది. ఆయన చూడలేదు.

నాలుగింటికి లేచారు.

"వెళ్ళిపోయాడు," అన్నారు తెలుగులో. "నొప్పితోనే."

ఆటోలో కాగితం ఆమె చేతికి తిరిగి ఇచ్చారు.

బుధవారం, గురువారం, శుక్రవారం వీరవేణి రేవు గేటు దగ్గర మొదలుపెట్టి ఊళ్ళోకి నడిచింది. ఎవరినీ ఏదీ అడగలేదు. పలకరించినా పలకలేదు. వంతెన మీద చేపలమ్మే ఆడవాళ్ళు ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్ళే. ఇంగ్లీషు ఉద్యోగం రాగానే మన మొహాలు కనిపించడం లేదే దీనికి అని, ఆమె వినేలాగే అనుకున్నారు. ఆమె విని ముందుకు నడిచింది.

మొదటి రోజే పాత టాకీసు సెంటరులో తలెత్తి చూసింది. గాజుల షాపు మేడ మీద మనిషంత పన్ను బొమ్మ ఉంది. తెల్ల పన్ను, ఎర్రటి చిగుళ్ళు. పదకొండేళ్ళుగా ఆమె ఆ కిందనుంచే నడుస్తోంది.

శనివారం మేనేజరు కుర్చీ తెచ్చుకుని కౌంటరు వెనక కూర్చున్నాడు. లాంచీ దిగినవాళ్ళలో చాలామంది కలిసి బజారుకు పోయారు. ఒకడు మాత్రం కౌంటరు దగ్గరికి వచ్చాడు. నడివయసు మనిషి, ఏ దేశమో ఆమెకు తెలియలేదు. చేతిలో పుల్ల విరిగిన కళ్ళజోడు ఉంది. రాత్రి ఓడలో కాపలా డ్యూటీ తనదేనని, అది లేకపోతే ఏమీ కనిపించదని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు.

వీరవేణి లేచింది. కౌంటరు చుట్టూ తిరిగి బయటికి వచ్చింది. ఎక్కడికమ్మా అన్నాడు మేనేజరు. ఆమె నావికుడి పక్కన నిలబడింది. అతను ఊరు ఎటుందో అటు తిరిగి ఉన్నాడు. ఆమె కూడా అటే తిరిగింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

అయిదు వాక్యాలు చెప్పింది. చిన్నవి. వంతెన దాటండి. ఎడమవైపు ఎత్తుగా నీలం రంగు నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. ట్యాంకుకూ పెట్రోలు బంకుకూ మధ్య రోడ్డులోకి తిరగండి. కుడిచేతి వైపు మూడో షాపు. తలుపు పైన కళ్ళజోడు బొమ్మ ఉంటుంది.

అతన్ని తిరిగి చెప్పమంది. అతను చెప్పాడు. మూడో షాపు దగ్గర తడబడితే ఆమె మళ్ళీ చెప్పింది. అతను వెళ్ళాడు.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. 

మూడు కాకముందే అతను కళ్ళజోడు పెట్టుకుని గేటు దగ్గర కనిపించాడు. తోటివాళ్ళకు ఒక అరటిపళ్ళ గెల చూపించి ఏదో అంటే వాళ్ళు నవ్వారు. లాంచీ వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయాడు.

సోమవారం గోడకు అంటించిన వచ్చే నెల డ్యూటీ కాగితంలో వీరవేణి పేరు ఉంది. ఆమె చప్పున బయటికి రావడానికి కౌంటరుకు ఒక పక్క తలుపు పెట్టిస్తానని ధర్మారావు అన్నాడు.

సాయంత్రం ఆమె మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన మోకాలికి కాపడం పెట్టుకుంటున్నారు. ఆమె ఆ మూట అందుకుని తానే పెడుతూ శనివారం సంగతంతా చెప్పింది. 

"వెళ్ళేముందు ఏమన్నాడు ఆ నావికుడు?" అని అడిగారు చివర్లో.

"ఏమీ అన్లేదండి." మూట తిప్పి పెట్టింది. "థాంక్యూ కూడా చెప్పలేదు. కౌంటరు వైపే చూడలేదు. దారి నేను చెప్పానన్న మాటే మర్చిపోయినట్టున్నాడు."

మాస్టారు కాలు ఇంకొంచెం ముందుకు చాపారు.

"మరింకేం కావాలి నీకు?" అన్నారు.