అదే నా మాట

లోహిత మాట్లాడితే చప్పట్లు ఆగేవి కావు. ఓటింగు పెడితే మాత్రం ఆమె వైపు చేతులు లేచేవి కావు.

ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

వేసవి సెలవుల్లో హైస్కూలు పిల్లల కోసం పౌరశాస్త్రం, నాయకత్వం నేర్పే శిబిరం ఒకటి పెట్టారు. పాలకొండల వరుస కనపడే చోట, ఊరికి కాస్త ఎడంగా ఉన్న గురుకుల పాఠశాలలో. పిల్లలు అక్కడే ఉండాలి. పొద్దున పాఠాలు, సాయంత్రం మాక్ అసెంబ్లీ. శిబిరం చివర ఉత్తమ వక్తకు షీల్డు ఇస్తారు. కడప నుంచి బస్సెక్కేటప్పుడే లోహిత ఆ షీల్డు ఇంట్లో ఎక్కడ పెట్టాలో ఆలోచించుకుని వచ్చింది. వక్తృత్వ పోటీల్లో ఆమెకు బహుమతి రావడం వింత కాదు, రాకపోతేనే వింత.

శిబిరం నడిపేది రహమతుల్లా సార్. ఏళ్ళ తరబడి సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, పట్టణంలో వార్డు కౌన్సిలరుగా కూడా పనిచేసిన మనిషి. కౌన్సిల్లో ఆయన లేచి మాట్లాడింది తక్కువ, ఆయన తెచ్చిన తీర్మానం వీగిపోయింది ఇంకా తక్కువ అని ఊళ్ళో చెప్పుకునేవారు.

ఆ సాయంత్రం లోహిత పెట్టిన ప్రతిపాదన మంచిదే. క్లాసు లీడర్ని టీచర్లు నియమించకూడదు, పిల్లలే రహస్య ఓటుతో ఎన్నుకోవాలి అని. ఆమె మాట్లాడుతుంటే వెనక బెంచీలవాళ్ళు కూడా బల్లలు చరిచారు. ఓటింగులో ప్రతిపాదన ఓడిపోయింది.

ఆమె నేరుగా సార్ దగ్గరికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని బేనీషా మామిడిపండు కోస్తున్నారు.

"చప్పట్లు కొట్టినవాళ్ళే నాకు ఓటెందుకు వేయలేదు సార్?"

ఆయన ఒక ముక్క ఆమె చేతిలో పెట్టారు. తినేదాకా ఆగారు.

"రేపటినుంచి నువ్వు సభాపతివి పాపా" అన్నారు.

లోహిత ముఖం వెలిగింది. అంతలోనే ఒక సంగతి గుర్తొచ్చింది. సభాపతి ఏ పక్షం తరఫునా మాట్లాడకూడదు. ప్రసంగం ఉండదు. ప్రసంగం లేకపోతే షీల్డూ ఉండదు. ఆ మాటే అడిగింది. నిజమేనన్నట్టు ఆయన తలాడించారు. పైగా ఇంకో నియమం చేర్చారు. ఓటింగుకు ముందు ప్రతి పక్షం మాటనూ సభాపతి తన నోటితో తిరిగి చెప్పాలి. ఆ మాట అన్న మనిషి లేచి 'అదే నా మాట' అంటేనే ఓటింగు పెట్టాలి.

"అనకపోతే?"

"మళ్ళా చెప్పు."

లోహిత ఆలోచించింది. ఇది కష్టమేమీ కాదనిపించింది. ఎవరి మాటైనా వాళ్ళకంటే తనే బాగా చెప్పగలదు. ఆ ధీమాతోనే ఒప్పుకుంది.

మరుసటి సాయంత్రం గురునాథ్ అనే అబ్బాయి లేచాడు. రైల్వే కోడూరు వైపు నుంచి వచ్చాడు. వాళ్ళ నాన్న మామిడి మండీలో హమాలీ. ఎండకు మధ్యాహ్నం క్లాసు ఎవరి తలకూ ఎక్కడం లేదు, దాన్ని పొద్దున్నే పెట్టాలి అన్నాడు. తడుముకుంటూ అన్నాడు.

లోహిత కుర్చీలోంచి, గురునాథ్‌కు మధ్యాహ్నం పూట నిద్ర ముఖ్యమని సభకు తెలియజేసింది. అందరూ నవ్వారు.

"అది నా మాట కాదు" అన్నాడు గురునాథ్. అతను నవ్వలేదు.

ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి విద్యార్థుల ఆరోగ్యం, రాజ్యాంగం, జీవించే హక్కు అన్నీ తెచ్చింది. సభ బల్లలు చరిచింది. గురునాథ్ కాసేపు ఆలోచించాడు.

"ఇది నా మాటకంటే చానా పెద్దగా ఉంది. నాది కాదు."

మూడోసారి అతను అన్న నాలుగు ముక్కలే చెప్పింది. అతను లేచి, "అదే నా మాట" అన్నాడు.

సభ అయ్యాక లోహితకు నీరసం వచ్చింది. తను గంట మాట్లాడినా అంత అలసట ఎరగదు. వెనక బెంచీలో కూర్చున్న సార్ వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. 

అలా ఆమె కుర్చీకి అలవాటు పడుతున్న రోజుల్లోనే పాఠశాల బోరు ఎండిపోవడం మొదలైంది. పొద్దున కాసేపు నీళ్ళు పోసి, తర్వాత గాలి పోసేది. నీళ్ళ ట్యాంకరు రోజుకొకటి తెప్పించగలమని వార్డెన్ చెప్పారు. అది చాలకపోతే శిబిరం మధ్యలోనే ఆపి పిల్లల్ని ఇళ్ళకు పంపేయాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది. పాఠశాల గేటు పక్కన అదే బోరు నీళ్ళు వచ్చే కుళాయి ఒకటి ఉంది. రోడ్డుకు అవతలి కాలనీ ఆడవాళ్ళు రోజూ పొద్దున బిందెలు నింపుకునేది అక్కడే. వాళ్ళకు ఇంకో నీటి దారి లేదు.

కుళాయికి తాళం వేయాలా వద్దా అన్నది వార్డెన్ తేల్చేయబోయారు. రహమతుల్లా సార్ అడ్డుపడ్డారు. పిల్లల నీళ్ళు, పిల్లల సభ ఉంది, వాళ్ళనే తేల్చుకోనిమ్మన్నారు. సభ ఏం తీర్మానిస్తే అదే జరుగుతుందని వార్డెన్ దగ్గర మాట కూడా తీసుకున్నారు.

ఆ సాయంత్రం ఎవరూ బల్లలు చరచలేదు. ఇది మాక్ అసెంబ్లీ కాదని అందరికీ తెలుసు.

తాళం వేయాలన్న ప్రతిపాదన గురునాథ్ తెచ్చాడు. లోహిత మనసులో భగ్గుమంది. కాలనీ ఆడవాళ్ళ తరఫున ఆమె దగ్గర ఎంత ప్రసంగం ఉందో ఆమెకే తెలుసు. దాన్ని మింగి, అతను చెప్పింది విని, తిరిగి చెప్పింది.

"గురునాథ్ మాట ఇది. ఇది మామిడి సీజను. మండీ పనికి రానక్కర్లేదని వాళ్ళ నాన్నను ఒప్పించడానికి వాళ్ళ స్కూలు సార్ రెండుసార్లు ఇంటికి పోయినారు. ఇప్పుడు వెనక్కి పంపేస్తే నేరుగా మండీకే. కాలనీవాళ్ళకు ఇంకో కుళాయి ఎప్పుడైనా రావచ్చు, తనకు ఇంకో శిబిరం రాదు అంటున్నాడు."

గురునాథ్ ఆమె వైపు చూశాడు. కాస్త ఆలస్యంగా లేచాడు.

"అదే నా మాట."

తర్వాత ఒకరిద్దరు మాట్లాడారు. అప్పుడు సువార్త లేచింది. సర్కారు బడి అమ్మాయి, లోహిత గదిలోనే ఉంటుంది. శిబిరం మొదలయ్యాక సభలో నోరు విప్పడం అదే మొదటిసారి. కుళాయికి తాళం వేయొద్దు, కానీ ట్యాంకరు నీళ్ళు ముందు పై అంతస్తులోని ఆడపిల్లల గదులకు చేరాలి అంది. అని కూర్చుంది.

మగపిల్లల వైపు గుసగుసలు లేచాయి. జడలకు, తలస్నానాలకు ట్యాంకరంతా చాలదని ఎవరో అన్నారు. నవ్వులు వినపడ్డాయి.

"ఆడపిల్లలకు స్నానానికి నీళ్ళు ఎక్కువ కావాలని సువార్త అంటోంది" అని లోహిత చెప్పింది.

సువార్త తల అడ్డంగా ఊపింది. "అది కాదు."

"పై అంతస్తుకు మోటారు నీళ్ళు ఎక్కడం లేదు కాబట్టి అక్కడ ఇబ్బంది ఎక్కువ అంటోంది."

"అదీ కాదు."

సువార్త కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంకేమీ చెప్పేలా లేదు. సభ మొత్తం లోహిత వైపు చూస్తోంది. ముందుకు పోదాం అని రెండు గొంతులు వినపడ్డాయి.

లోహిత లేచి నిలబడింది.

"సభను కాసేపు వాయిదా వేస్తున్నాను. నేను పిలిచేదాకా ఎవరూ ఓటు మాట ఎత్తకూడదు."

గొంతు పెంచకుండానే అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. వెళ్ళి సువార్త చెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకుపోయింది. అక్కడ ఏమీ అడగకుండా పక్కన నిలబడింది. ఎంతసేపు నిలబడాలో ఆమెకు తెలియదు. మాటల మధ్య ఖాళీ వస్తే నింపేయడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఈసారి నింపలేదు.

సువార్తే మెల్లగా చెప్పింది. ఈ వారం ముగ్గురు అమ్మాయిలు డేట్లో ఉన్నారు. పొద్దున తొమ్మిది దాటితే పైన బాత్రూముల్లో చుక్క ఉండదు. తమ గదిలోని చిన్న పిల్ల, ఎనిమిదో తరగతి పూర్తి చేసి వచ్చిన లిఖిత, నీళ్ళు దొరక్క రోజంతా క్లాసులో కదలకుండా కూర్చుంది. జ్వరమని అబద్ధం చెప్పి, వచ్చి తీసుకుపొమ్మని వాళ్ళ నాన్నకు ఫోన్ చేసింది.

లోహిత ఆ గదిలోనే ఉంటోంది. అక్కడి అద్దం ముందే నిలబడి రోజూ ప్రసంగాలు సాధన చేసింది.

"ఇది నేను సభలో చెప్పొచ్చా?" అని అడిగింది.

సువార్త చాలాసేపు ఆలోచించింది. "పేర్లు చెప్పొద్దు" అంది.

లోహిత తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. సభ సర్దుకునేదాకా ఆగింది.

"సువార్త మాట ఇది. ఆడపిల్లల్లో కొందరికి ఈ వారం నెలసరి."

ఎవరో కిసుక్కుమన్నారు. లోహిత మాట ఆపి అటు చూసింది. కోపంగా కాదు, ఊరికే చూసింది. సద్దుమణిగాక అక్కడినుంచే అందుకుంది.

"తొమ్మిది తర్వాత పైన నీళ్ళు ఉండవు. వాళ్ళకు నీళ్ళు సౌకర్యం కోసం కాదు. అవి లేకపోతే ఈ శిబిరంలో ఉండలేరు. ఒకమ్మాయి ఇప్పటికే ఇంటికి ఫోన్ చేసింది. మనలో కొందరికి శిబిరం ఇంకా మూతపడలేదు. ఆ పిల్లకు మూతపడింది. నీళ్ళు పంచేటప్పుడు అక్కడినుంచి మొదలుపెట్టమని సువార్త అడుగుతోంది."

ఆమె సువార్త వైపు తిరిగింది.

సువార్త లేచి నిలబడింది. ఈసారి తల వంచలేదు.

"అదే నా మాట."

ఇక గుసగుసలు లేవు. ప్రతిపాదనకు సవరణ సువార్తే చెప్పింది. కుళాయి పొద్దున ఒక గంట కాలనీకి. ట్యాంకరు నీళ్ళు ముందు పై అంతస్తుకు. మోటారు నీళ్ళను పైకి ఎక్కించలేదు కాబట్టి అందరూ కలిసి బకెట్లతో మోయాలి. మగపిల్లలకు స్నానం రోజు విడిచి రోజు. లోహిత రెండు మాటలనూ మరొకసారి పక్కపక్కన పెట్టి చెప్పి, ఓటింగు పెట్టింది.

సవరణ నెగ్గింది. ఏకగ్రీవమేమీ కాదు. గురునాథ్ చెయ్యి కిందే ఉంది. అతని పక్కన కూర్చున్నవాళ్ళ చేతులూ లేవలేదు.

ఆ శిబిరంలో ఉత్తమ వక్త షీల్డు తర్వాత గురునాథ్‌కు వచ్చింది. అది వేరే సంగతి.

మరునాడు పొద్దున ఎండ ఎక్కకముందే ట్యాంకరు వచ్చింది. గేటు దగ్గర కాలనీ ఆడవాళ్ళు బిందెలు నింపుకుంటున్నారు. లోపల తొట్టినుంచి పై అంతస్తు దాకా మెట్ల వెంట పిల్లలు వరుస కట్టారు. బకెట్లు చేతులు మారుతూ పైకి పోతున్నాయి. లిఖిత వాళ్ళ నాన్న తెల్లవారుజామునే బస్సు దిగి వచ్చారు. ఆ పిల్ల ఆయనను వరండాలో కూర్చోబెట్టి, తను పోయి మెట్ల పైన నిలబడి బకెట్లు అందుకుంటోంది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. టీ తాగుతూ చూస్తున్నారు.

లోహిత కిందికి వచ్చింది. తొట్టి దగ్గర, వరుసకు అన్నిటికంటే ముందు, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి బకెట్లు ముంచుతున్నది గురునాథ్. అతని పక్కన, నిన్న చెయ్యి ఎత్తనివాళ్ళు.

ఆమె అతని దగ్గర ఆగింది.

"నువ్వు ఇది వద్దన్నావు కదా?"

"వద్దనే అన్నాను." అతను బకెట్టు ముంచి తీసి పక్కవాడికి అందించాడు. "నా మాట ఉన్నదున్నట్టు చెప్పినావు. అందరూ విన్నారు. విని కాదన్నారు. ఇంక మోయకుండా ఎట్లుంటాను?"

అని మళ్ళీ తొట్టిలోకి వంగాడు.

లోహిత వెనక్కి తిరిగి చూసింది. రహమతుల్లా సార్ వరండా మెట్టు మీద నిలబడి ఉన్నారు. ఆమె ఆయన దగ్గరికి నడిచింది. ఏదో అడగాలని వచ్చిందిగానీ, వచ్చాక అడగడానికేమీ మిగల్లేదు.

సార్ బకెట్ల వరుసనే చూస్తున్నారు.

"గెలిచినోళ్ళు మోస్తే అది గెలుపు పాపా" అన్నారు. "ఓడినోళ్ళు కూడా మోస్తేనే తీర్మానం."

లోహిత చున్నీ నడుముకు బిగించి కట్టుకుని, మెట్ల దగ్గర ఒక చోట ఖాళీ కనిపిస్తే వెళ్ళి నిలబడింది. కిందినుంచి వచ్చిన బకెట్టు అందుకుని, పైవాళ్ళకు అందించింది.